మొరం తగిలేదాకా

విమానాశ్రయాల పరికరాల పనిలోకి కొత్తగా వచ్చే ఇంజనీర్లు ఇప్పటికీ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "విమానాన్ని దింపడానికి ఏ పద్ధతి మంచిది సర్?" సుమారు పాతికేళ్లు ఆ ప్రశ్నకు జవాబు రాయడమే నా ఉద్యోగం. పటాన్‌చెరు దాటాక ఇస్నాపూర్ చేరకముందు, రోడ్డుకు లోపలగా మా ఫ్యాక్టరీ ఉండేది. ఏ ఏడు నాకు ఏ హోదా ఇచ్చారో ఇక్కడ రాయను. నాకు గుర్తుంది గానీ చదివేవాళ్లకు దానితో పని లేదు. ఒక కర్ర గురించి రాస్తాను. నేల మీద నిలబెట్టిన ఒక మామూలు ఇనప కర్ర. నా వృత్తిలో నేను నేర్చుకున్నదాంట్లో సగం అదే నేర్పింది.

ముందు పని సంగతి చెప్పాలి. మబ్బులోంచో పొగమంచులోంచో దిగే విమానంలోని పైలట్‌కు నేల కనబడదు. రేడియో తరంగాలతో గాలిలో ఒక దారి వేసి అతనికి చూపించాలి. రన్‌వే నడిమి గీతకు సూటిగా తెచ్చేది ఒక దారి. సరైన ఏటవాలులో కిందికి దింపేది రెండోది. ఈ రెండో దారి వేసే యంత్రమే మా విభాగం తయారుచేసేది.

అందులో పాత పద్ధతి ఇలా ఉంటుంది. పొడవాటి స్తంభం మీది యాంటెన్నా నుంచి తరంగాలు కొన్ని నేరుగా పైకి వెళతాయి, కొన్ని ముందున్న నేలను తాకి లేస్తాయి. ఆ రెండూ కలిసినచోట ఏటవాలు దారి ఏర్పడుతుంది. అంటే యంత్రంలో సగం మనం తయారుచేస్తాం, మిగతా సగం ఆ నేలే. అది చదునుగా ఉండాలి, పైరు ఎదగకూడదు, నీళ్లు నిలవకూడదు. ఎనభైల్లో వచ్చిన కొత్త పద్ధతి మైక్రోవేవ్‌ది. దాని యాంటెన్నా సన్నటి కిరణాన్ని తనంతట తానే పైకీ కిందికీ ఊపుతుంది. నేల సాయం అక్కర్లేదు. ధర మాత్రం చాలా ఎక్కువ, పైగా విదేశాల నుంచి తెప్పించాలి.

ఈ రెండింటిలో దేనికి ఎంత ఖర్చు, దేనివల్ల ఎంత మేలు అని పక్కపక్కన పెట్టి పట్టిక గీయడం నా పని.

నా గురించి ఒక్క ముక్క. మా ఊరు జిన్నారం దారిలో ఉంది. మా తాత మాలీ పటేల్, అంటే ఊరి శిస్తు వసూలు చూసే పెద్ద. నేను చదువు ముగించేసరికి మాకు మిగిలింది ఆ పిలుపు ఒక్కటే. భూమి కొంత సీలింగు చట్టం కింద పోయింది, కొంత మా నాన్న కోర్టు కేసులకు కరిగిపోయింది, చివరి నల్లరేగడి ముక్క ఫ్యాక్టరీల కోసం సేకరణలో పోయింది. కంపెనీ పరీక్షా మైదానం ఆ చివరి ముక్కలోనే వచ్చింది. ఒకప్పటి మా చేనులోకి వెళ్లడానికి గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టేవాణ్ణి. బల్ల పొట్టిగా ఉండేది. నేను వంగేవాణ్ణి కాదు, రిజిస్టర్‌ను చేతిలోకి తీసుకుని పెట్టేవాణ్ణి.

పొగమంచు పుస్తకం

నా పై అధికారి మూర్తిగారిది కృష్ణా జిల్లా. పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగానికని ఇటు వచ్చి స్థిరపడ్డ మనిషి. నేను మొదటిసారి గీసిన పట్టికను ఆయన రెండు నిమిషాలు చూశారు. కొత్త పద్ధతి వైపు నేను మేళ్లు వరసగా రాశాను. విమానం వంపు తిరిగి కూడా దిగవచ్చు, ఛానళ్లు ఎక్కువ, పక్క కట్టడాల అడ్డు తక్కువ, ఇలా ఒక పేజీ.

"ఇవన్నీ యంత్రం గొప్పలు పటేల్‌గారూ," అన్నారు. నన్ను అలా పిలవడం ఆయనకు సరదా. నాకు కాదు. "గొప్ప వేరు, మేలు వేరు. ఎవరికి మేలు? ఏ రోజున?"

ఆ ప్రశ్నకు జవాబు కోసం నన్ను ఒక విమానాశ్రయం వాతావరణ కార్యాలయానికి పంపారు. పది రోజులు కూర్చుని వాళ్ల పాత పుస్తకాల్లోంచి పొగమంచు పట్టిన ఉదయాలన్నీ ఎత్తి రాసుకున్నాను. విమానం దిగలేక వెనక్కి మళ్లినవి విడిగా రాశాను. తేలింది ఏమిటంటే, అలాంటి ఉదయాలు ఏడాదిలో నేననుకున్నదానికంటే చాలా తక్కువ. ఆ కొద్ది ఉదయాల్లో కూడా, సూటిగా దిగే రన్‌వే మీద పాత యంత్రం చేసే మేలూ కొత్త యంత్రం చేసే మేలూ ఒకటే. వంపు తిరిగి దిగడం అనే గొప్ప, దారికి కొండ అడ్డం ఉన్నచోటే మేలు అవుతుంది. ఇంకోటి కూడా తెలిసింది. నేల మీద మనం కొత్త యంత్రం పెట్టినా, విమానాల్లో దానికి తగిన పరికరం పెట్టించుకోవలసింది విమాన కంపెనీలు. వాళ్లు కొనకపోతే మనం పెట్టినది మాట్లాడేవాడు ఉండి వినేవాడు లేని ఫోను.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఖర్చు కాగితం మీద కనబడుతుంది, మేలు కనబడదు. దాన్ని వెతకడానికి నువ్వు కుర్చీలోంచి లేవాలి. మూర్తిగారు నన్ను ఒకసారి లేపారు. రెండోసారి లేవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

కావలోడు

ఎనభైల చివర్లో ఢిల్లీ నుంచి ఒక కమిటీ వేశారు. కొన్ని చిన్న విమానాశ్రయాలకు మా పాత పద్ధతి యంత్రాలు కొనాలా, మైక్రోవేవ్ తెప్పించాలా అన్నది తేల్చడం వాళ్ల పని. మా యంత్రాన్ని పరీక్షా మైదానంలో నెలల తరబడి నడిపి చూపాలి. నా పట్టిక వాళ్ల ముందుకు వెళ్లాలి. ఆర్డరు రాకపోతే మా విభాగం మూతబడుతుందని అందరికీ తెలుసు.

యంత్రం స్తంభానికి ముందు కొంత దూరంలో ఒక ఇనప కర్ర ఉంటుంది. దాని మీది చిన్న యాంటెన్నా రాత్రింబగళ్లు దారిని వింటూ ఉంటుంది. ఏటవాలు హద్దు దాటితే క్షణాల్లో యంత్రాన్ని ఆపేస్తుంది. పైలట్‌కు తప్పు దారి చూపించడం కంటే ఏ దారీ లేదని చెప్పడం నయం గనక. మా పనివాళ్లు ఆ కర్రకు కావలోడు అని పేరు పెట్టారు.

ఎండాకాలంలో అంతా నిలబెట్టాం. మూడు నెలలు కావలోడు నోరెత్తలేదు. వానలు మొదలయ్యాక జూలైలో ఒక ఉదయం యంత్రం ఆగిపోయింది. సరిచేశాం. మళ్లీ ఆగింది. దారిని విడిగా కొలిచి చూస్తే సరిగ్గానే ఉంది. కావలోడే తప్పు చెబుతున్నాడు.

వెళ్లి చూశాను. కర్ర కింది రెండు బోల్టులు వదులుగా ఉన్నాయి. ఆ కర్రను నిలబెట్టింది నర్సింలు. ముప్పై దాటని మనిషి, చేతిలో పనితనం ఉన్నవాడు. అయిదేళ్లుగా రోజు కూలీ మీద ఉన్నాడు. పర్మనెంట్ చేసే జాబితాలో ఆ ఏడే అతని పేరు చేరింది. వాళ్ల నాన్న, తాత మా రేగడిలో పనిచేసినవాళ్లు. ఫ్యాక్టరీలో మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

"నర్సింలూ, ఈ బోల్టు ఎవరు బిగించారు?"

"నేనే సారూ."

"వేలితో తిరుగుతోంది చూడు."

"నేను బిగించిన్నాడు తిరగలే సారూ. కావలోడు ఒరిగిండు, గందుకే వదులైంది. భూమి కదిలింది."

"భూమి కదిలిందా? మరి మేమెవరం పడిపోలేదే?"

చుట్టూ ఉన్న నలుగురైదుగురు నవ్వారు. నర్సింలు మొహం ఎర్రబడింది.

"నవ్వుండ్రి. మా అవ్వనడుగుండ్రి. ఈ రేగడి సంగతి ఆమెకెరుక."

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. మా రేగడి సంగతి నాకు వీళ్లమ్మ చెప్పాలా అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే మెమో రాశాను: బిగింపు పనిలో నిర్లక్ష్యం. విచారణ పూర్తయ్యేదాకా జాబితాలోంచి అతని పేరు పక్కన పెట్టారు. విచారణలో నా మాట నిలిస్తే పర్మనెంట్ సంగతి అటుంచి, రోజు కూలీ కూడా ఉండదు. కమిటీకి ఇచ్చే నివేదికలో కూడా ఒక వాక్యం చేర్చాను: పరీక్షలో వచ్చిన అంతరాయాలకు కారణం పనివాడి లోపం.

కర్రను ఇంకొక మనిషి చేత మళ్లీ బిగించి పెట్టించాను. నేను పక్కనే నిలబడి ప్రతి బోల్టూ చూశాను. పన్నెండో రోజు కావలోడు యంత్రాన్ని ఆపాడు. వెళ్లి చూస్తే బోల్టులు బిగువుగా ఉన్నాయి. కర్ర మాత్రం ఒరిగింది.

మెమో వెనక్కి తీసుకోవలసిన రోజు అదే. తీసుకోలేదు. బుడగతో వాలు చూపే స్పిరిట్ లెవెల్ ఒకటి జేబులో పెట్టుకుని, రోజూ పొద్దున ఎవరూ రాకముందు వెళ్లి కర్ర మీద ఆనించి బుడగ ఎక్కడుందో చిన్న పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. వాన పడ్డాక బుడగ ఒక వైపు జరిగేది. నాలుగు రోజులు ఎండ కాస్తే కొంచెం వెనక్కి వచ్చేది. చూస్తున్నది ఏమిటో తెలుస్తూనే ఉంది. దాని పేరు మాత్రం తెలియదు. పేరు తెలిసిన మనిషి మైదానానికి మూడు మైళ్ల దూరంలో ఉంది.

కబురు

మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. పనివాళ్ల ఇళ్లకు మావాళ్లు వెళ్లేవారు కాదు. పని ఉంటే కబురు పంపేవారు, వాళ్లు వచ్చేవారు. ఇంట్లో గింజలు నిండుకున్న రోజుల్లో కూడా మా నాన్న ఈ పద్ధతి మానలేదు. నేనూ అదే చేశాను. గేటు వాచ్‌మన్ చేత నర్సింలు తల్లి బాలమ్మకు కబురు పంపాను, ఒకసారి ఫ్యాక్టరీకి వచ్చి పొమ్మని.

వాచ్‌మన్ తిరిగొచ్చి నసిగాడు.

"ఏమంది?"

"నేను అన్నట్టు కాదు సార్, ఆమె అన్నదే చెప్తున్న. పటేలుకు పనుంటే పటేలే రావాలె, నా కొడుక్కు కాయితమిచ్చిన జాగల నేను కాలు పెట్ట అన్నది."

రెండు వారాలు ఆ కోపంలోనే గడిపాను. ఇంజనీర్లు యంత్రాల తప్పులు చాలా వింటారు. పని ఆలస్యం కావడానికి కారణాలు రాసేటప్పుడు ఈ రెండు వారాల్లాంటివి ఎవరూ రాయరు. నేను రాస్తున్నాను. అవి గడిచేసరికి కమిటీ రావడానికి ఇరవై రోజులే మిగిలాయి. నర్సింలు విచారణకు పది రోజులే. నాకు తెలిసిన జవాబు తప్పని నా పుస్తకంలోని బుడగే చెబుతోంది. అయినా కబురు పంపినవాణ్ణి నేను, రావలసింది ఆమె అని కూర్చున్నాను.

చివరికి ఒక ఆదివారం ఇస్నాపూర్ వెళ్లాను. ఫ్యాక్టరీ కూలీలకు వరసగా కట్టి కిరాయికిచ్చిన గదుల్లో చివరిది వాళ్లది. బాలమ్మ గడప దగ్గర కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. అరవై దాటిన మనిషి. నన్ను చూసి లేవలేదు.

"ఏం పటేలా, కబురు ముట్టలేదా ఏంది?"

"ముట్టింది. గందుకే వచ్చిన," అన్నాను. ఫ్యాక్టరీలో మాట్లాడే భాష ఆ గడప దగ్గర నోట్లోంచి రాలేదు.

"కూసో."

కుర్చీ లేదు. నులక మంచం ఉంది. కూర్చున్నాను. నులక వదులుగా ఉండి నడుం కిందికి దిగిపోయింది. నిటారుగా కూర్చోవడం ఆ మంచం మీద కుదరని పని.

"నా కొడుకు పనిదొంగనా?"

"పనిదొంగ అనలే. బోల్టు వదులున్నదని రాసిన."

"బోల్టు సంగతి నాకు తెల్వదు. మంచె సంగతి తెలుసు. చిన్నగున్నప్పుడు జొన్నచేన్ల మంచెక్కి పిట్టలు కొట్టినవ్, యాదికున్నదా?"

"ఉన్నది."

"ఆ మంచె కాళ్లు ఎంత లోతున్నయో ఎరుకనా?"

ఆలోచించాను. "లేదు."

"ఎట్లుంటది? నువ్వు మీద కూసున్నవ్. గుంతలు తవ్వింది మేము."

లోపల నర్సింలు ఉన్నాడని అతని దగ్గు వినబడ్డాక తెలిసింది. బయటికి రాలేదు. ఆమె ఒక అనపకాయ విప్పి, గింజ గిన్నెలో వేసి, తొక్కను నా వైపు చూపించింది.

"ఎండకాలం రేగడి గిట్ల నెర్రెలిస్తది. నెర్రెల చెయ్యి పెడితె మోచెయ్యి దాక పోతది. వాన పడ్డదంటె తాగి తాగి ఉబ్బుతది. నడిమిట్ల పాతిన కట్టెను మీదికి లేపుతది. మళ్ల ఎండ కొడితె కిందికి గుంజుతది. మీద మీద పాతితె ఒక్క వానకాలం ఆగదు. కింద మొరం తగిలేదాక తవ్వి, ఆడ కాలు దించాలె. మొరం కదలదు."

మొరం అంటే నల్లమట్టికి అడుగున ఉండే గట్టి గరుకు పొర. చిన్నప్పుడు బావి తవ్వుతుంటే చూశాను. ఇంజనీరయ్యాక మరిచిపోయాను.

"ఓసారి మీ తాత జల్ది కావాలన్నడు," అంది. "సగం లోతుకే ఆపినం. జొన్న పాలు పోసుకునేటాళ్లకు ఓ కాలు లేచింది, మంచె ఒరిగింది. మీ తాత ఏం జేసిండో ఎరుకనా?"

"ఏం జేసిండు?"

"కాలు సరిగ్గ పాతలేదని మా మామను నలుగురి ముంగట తిట్టిండు. నువ్వు కాయితం మీద రాసినవ్. గంతే ఫరకు."

ఆమె గింజలు ఒలుస్తూనే ఉంది. నేను అడిగాను.

"మా మైదానంల మొరం ఎంత లోతుల తగులుతది?"

"మీ భూమి పటేలా, నన్నడుగుతున్నవా?" అని మొదటిసారి నవ్వింది. "మోటబాయి దిక్కు అయితె మనిషి నిలవడి చెయ్యెత్తినంత. తూరుపు దిక్కు జెర తక్కువ. నీ కట్టె ఏడున్నది?"

"మోటబాయి దిక్కే."

"ఎంత తవ్విండ్రు?"

మోకాలు చూపించాను. ఆ లోతు నర్సింలు నిర్ణయించింది కాదు. విదేశీ డ్రాయింగులో ఉన్న అంకెను ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసి, కింద సంతకం పెట్టినవాణ్ణి నేను.

ఎవరి తప్పు

సోమవారం మూర్తిగారి గదిలో కూర్చుని అంతా చెప్పాను. మెమో వెనక్కి తీసుకుంటున్నానని, నివేదికలో వాక్యం మారుస్తున్నానని చెప్పాను. ఆయన తలుపు మూయించారు.

"మీకు అర్థమవుతోందా పటేల్‌గారూ? మనిషి తప్పయితే మనిషిని మారుస్తాం. యంత్రానికి మచ్చ రాదు. నేల తప్పని రాశారనుకోండి, వాళ్లు యంత్రాన్నే మారుస్తారు. నేలతో పని లేని యంత్రం పక్క కాలమ్‌లో సిద్ధంగా ఉంది. నలభై మంది అన్నం తింటున్నారండీ ఈ విభాగం మీద."

"నలభై మందిలో నర్సింలు ఉన్నాడా లేడా?"

"మాటకు మాట వద్దు. మీ వంశ గౌరవం కోసం నా విభాగాన్ని మూయించకండి."

"ఆ గౌరవమే మెమో రాయించిందండీ. ఇప్పుడు రాసేది అది కాదు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. బల్ల మీద నా పట్టిక పరిచి ఉంది. ఆయన మొహం చూడలేక దాన్ని చూస్తున్నాను. "స్థలం తయారీ" అన్న వరసలో పాత పద్ధతి వైపు గడి నిండా రాత ఉంది: చదును చేయడం, కాలువలు, పైరు లేకుండా చూడడం. కొత్త పద్ధతి వైపు ఒకే మాట: స్వల్పం.

"ఈ స్వల్పం అన్న మాట ఎక్కడిదండీ?" అన్నాను.

"మీరే రాశారు. వాళ్ల కేటలాగులోంచి."

"వాళ్ల యాంటెన్నా నిలబడేది దేని మీద?"

ఆయన తలెత్తారు.

"నేల మీంచి తరంగం లేవనవసరం లేదు, నిజమే. కానీ యాంటెన్నా నిలబడాలిగా. మన కర్ర ఒరిగితే యంత్రం ఆగుతుంది. వాళ్ల పెట్టె ఒరిగితే దారే ఒరుగుతుంది. ఎంత వంగితే అంత తప్పు. రేగడి నెర్రె రెండు కాలమ్‌లలోనూ ఉండాలి. నేను ఒక్కదాంట్లో కూడా రాయలేదు."

మూర్తిగారు కలం తీసి నా ముందు పెట్టారు. "రాయండి. కానీ మన తప్పు మొదటి వాక్యంలో రాయండి. చివర్లో రాస్తే సాకు చెప్పినట్టుంటుంది."

నేను చూసిన అధికారుల్లో యంత్రాలు ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు ఉన్నారు. తనకు నష్టం తెచ్చే కాగితాన్ని ఎలా రాస్తే బాగుంటుందో చెప్పినవాడు ఆయనొక్కడే.

మర్నాడు మైదానంలో, ఆ రోజు నవ్వినవాళ్లందరి ముందు, మెమో రద్దు కాగితం పైకి చదివాను. పునాది లోతు నిర్ణయించింది నేనని, బిగింపులో లోపం లేదని, నేల కదలడం గురించి నర్సింలు మొదటి రోజే చెప్పాడని, నేను వినలేదని. నాలుగో వాక్యానికి వచ్చేసరికి నర్సింలు నేల చూపులు చూస్తూ గొణిగాడు.

"సారూ, ఇగ చాలు. ఆపుండ్రి, సిగ్గైతున్నది."

"ఇంకో రెండు వాక్యాలున్నాయి," అన్నాను. చదివాను.

కమిటీ వచ్చింది. అధ్యక్షుడు తెల్ల మీసాల మాజీ పైలట్. నా మొదటి వాక్యం చదివి ఆగాడు. "దీన్ని కనిపెట్టింది ఎవరు?"

"ఈ కర్ర నిలబెట్టిన నర్సింలు చెప్పాడు, నేను వినలేదు. వాళ్లమ్మ చెప్పింది, అప్పుడు విన్నాను."

ఆయన మైక్రోవేవ్ కంపెనీ ప్రతినిధి వైపు తిరిగి, మీ పునాది ఎంత లోతు అని అడిగాడు. ప్రతినిధి కేటలాగు తిప్పి ఒక అంకె చెప్పాడు. "ఏ నేలకు?" అని ఇంకో ప్రశ్న వచ్చింది. దానికి కేటలాగులో జవాబు లేదు.

ఆ రోజు ఎవరికీ ఆర్డరు రాలేదు. మేము కర్రను తీసి మళ్లీ పాతాలి. మైక్రోవేవ్ కంపెనీవాళ్లు కూడా తమ డ్రాయింగు ప్రకారం ఒక యాంటెన్నా మా పక్కనే నిలబెట్టాలి. ఒక పూర్తి ఏడాది, ఎండా వానా రెండూ చూశాకే నిర్ణయం. నర్సింలు పేరు తిరిగి జాబితాలోకి వచ్చింది.

గుంత

గుంత తవ్వే పని నర్సింలుకే ఇచ్చాను. గట్టున నిలబడి చూశాను. నడుం లోతులో నల్లమట్టి, భుజం లోతులో నల్లమట్టి. డ్రాయింగులో ఇంత లోతు లేదని పక్కనున్న ఒక ఇంజనీరు గుర్తుచేశాడు. డ్రాయింగు మారుతుందన్నాను. లోపలి మనిషి తల కూడా కనబడనంత లోతుకు దిగాక గడ్డపార మోత మారింది. అప్పటిదాకా మెత్తగా దిగుతున్నది ఖంగుమంది.

"తగిలింది సారూ!" అని కిందినుంచి నర్సింలు అరిచాడు.

ఏడాది తిరిగింది. పక్కన నిలబెట్టిన మైక్రోవేవ్ యాంటెన్నా మొదటి వానాకాలంలోనే ఒరిగింది. ఆ కంపెనీ వాళ్లు మంచి ఇంజనీర్లే. మా మట్టి వాళ్లకు తెలియదు, అంతే. మట్టి తెలిసిన ఇంట్లో పుట్టిన నాకే తెలియలేదు.

మేము పూర్తిగా గెలిచామని చెప్పను. పునాదుల ఖర్చు నిజాయితీగా చేర్చాక మా యంత్రం నేను మొదట రాసినంత చవక కాదని తేలింది. చదునైన నేల ఉన్న విమానాశ్రయాలకు కమిటీ మా యంత్రాలు తీసుకుంది. ఒకచోట నేల మరీ పాడుగా ఉండి, పొగమంచు ఉదయాలు మరీ తక్కువై, ఏ యంత్రమూ వద్దని రాసింది. అది సరైన నిర్ణయం. ఏదీ కొనకపోవడం అన్నది కూడా పట్టికలో ఒక కాలమ్‌గా ఉండాలని నేను నేర్చుకున్నది అక్కడే. మా విభాగం నిలిచింది, కొంచెం చిన్నదై.

తర్వాతి సంగతి ఇది. మైక్రోవేవ్ పద్ధతి పౌర విమానాల్లో చాలాచోట్ల వేళ్లూనలేదు. తొంభైల్లో ఉపగ్రహాలతో దారి చూపే పద్ధతి వచ్చింది. నేను రిటైరయ్యే ముందు, ఇక నేలతో పనే లేదని ఒక కొత్త ఇంజనీరు నాతో ఉత్సాహంగా వాదించింది. ఉపగ్రహం మాటను సరిచూసే యాంటెన్నాలు విమానాశ్రయంలో ఎక్కడ నిలబెడతారని అడిగాను. ఆమె చెప్పబోయి ఆగి, నోట్‌బుక్ తీసింది. ఆమె మంచి ఇంజనీరు అవుతుందని అప్పుడే అనుకున్నాను.

మా స్థల పరిశీలన ఫారంలో నేను చేర్చిన ఒక వరస నేను వచ్చేసేదాకా ఉంది. పునాది లోతు అన్నచోట అంకె వేయడానికి గడి ఉండేది. దాని కింద ఇంగ్లీషు ఫారంలో తెలుగు మాటలతో రాయించాను: మొరం తగిలేదాకా. పక్క రాష్ట్రాలవాళ్లు ఫోను చేసి మొరం అంటే ఏమిటని అడిగేవారు. మీ నేలను దున్నేవాళ్లను అడగండి, మీ దగ్గర దానికి ఇంకో పేరుంటుంది అనేవాణ్ణి. కబురు పంపకండి, మీరే వెళ్లండి అని కూడా చెప్పేవాణ్ణి.

ఏడాది పరీక్ష ముగిసిన వారం నేను మళ్లీ ఇస్నాపూర్ వెళ్లాను. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పి పంపలేదు. బాలమ్మ అదే గడప మీద ఉంది. నేను అదే మంచం మీద, నడుం దిగిపోతుండగా కూర్చున్నాను.

"నీ కట్టె ఎట్లున్నది పటేలా?"

"ఏడాదంత కదలలే," అన్నాను. "వానకు కదలలే, ఎండకు కదలలే."

ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. నీళ్ల చెంబు నా చేతికిస్తూ అంది.

"ఎట్ల కదులుతది? ఈపారి అడిగి పాతినవ్ గద."